ఓటుకు రసీదు లేదు

2024 మే 11, శనివారం సాయంకాలం. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్లు వైపు వెళ్ళే బస్సుల కోసం జనం సగం రోడ్డు ఆక్రమించి నిలబడి ఉన్నారు. సోమవారం పోలింగు. తెలంగాణలో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు కూడా ఒకే దినం. నగరం సగం ఊళ్ళకు కదిలినట్లుంది. ఆ గుంపులో మా వీధి యువకుడొకడు కనిపించాడు. నాచారం పారిశ్రామికవాడలో దినకూలీ. స్వగ్రామం తొర్రూరుకు అవతల. మూడు బస్సులు వదిలి నాలుగోదాని కోసం చూస్తున్నాడు. నన్ను చూసి దగ్గరకు వచ్చి అడిగాడు:

"సారూ, మా అమ్మకు పైసలు ఫోన్లనే పంపుతున్న. నిమిషంల చేరుతున్నయి. ఓటు గూడ గట్లనే పంపే ఏర్పాటు ఎందుకు చెయ్యరు? నాకు మూడు దినాల కూలి పోతున్నది."

నేను జవాబు ఆలోచించుకునే లోపల బస్సు వచ్చింది. అతడు వెళ్ళిపోయాడు. మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పి, నడుమ ఎన్నో పర్యాయాలు ఎన్నికల విధులు నిర్వర్తించినవాణ్ణి. పిల్లవాడు వేసిన ప్రశ్నకు జవాబు లేకుండా ఇంటికి పోవడం నాకు అలవాటు లేదు. ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళుగా నాలో నేను చెప్పుకుంటున్న సమాధానమే ఈ వ్యాసం.

మొదట డబ్బు సంగతి చూద్దాం. అతడు తల్లికి వెయ్యి రూపాయలు పంపితే, అతని ఖాతాలో వెయ్యి తగ్గినట్లు, ఆమె ఖాతాలో వెయ్యి పెరిగినట్లు రెండు చోట్లా పేర్లతో సహా నమోదవుతుంది. ఒక్క రూపాయి తేడా వచ్చినా తల్లి ఫోను చేసి అడుగుతుంది. బ్యాంకు లెక్క తీసి చూపవలసిందే. అంటే డబ్బు ప్రయాణాన్ని కాపాడుతున్నది యంత్రం కాదు, దానికి అంటుకుని ఉన్న పేరు. ఓటు విషయంలో మనం కోరుకునేది సరిగ్గా దీనికి విరుద్ధం. పెట్టెలో పడిన మరుక్షణం దానినుండి పేరు విడిపోవాలి. ఎవరు ఎవరికి వేశారో అధికారికి తెలియకూడదు, నాయకునికి తెలియకూడదు, భర్తకు తెలియకూడదు. అందుచేతనే ఓటుకు రసీదు ఇవ్వరు. రసీదు ఇస్తే దానిని చూపి డబ్బు పుచ్చుకునేవారుంటారు, చూపించమని బెదిరించేవారుంటారు.

పేరు లేని వస్తువు దారిలో తప్పిపోతే "నాది పోయింది" అని అడిగే సొంతదారుడు ఉండడు. నేను వేసిన ఓటు మరొకరి ఖాతాలో పడినా నాకు తెలిసే మార్గం లేదు. ఫోనులో డబ్బు పంపడానికీ, ఫోనులో ఓటు పంపడానికీ గల భేదమంతా ఇక్కడే ఉన్నది. పేరు విడిచిన వస్తువుకు కాపలా కాయవలసింది ఆ పేరుగలవాడు కాదు, చుట్టూ ఉన్న నలుగురు. కాబట్టి ఓటు పడిన చోటునుండి లెక్క తేలే చోటువరకు నలుగురి కంటికి కనిపిస్తూనే ఉండాలి.

తర్కశాస్త్రం చదువుకున్న రోజుల్లో మా గురువుగారు ప్రమాణాలను గూర్చి చెబుతూ, కంటితో చూచి తెలుసుకొనేది ప్రత్యక్షమనీ, కొండమీది పొగను చూచి నిప్పు ఉన్నదని తెలుసుకొనేది అనుమానమనీ, నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకొనేది శబ్దమనీ బోధించేవారు. ఉపమానమూ ఉన్నది గాని ఇక్కడ దానితో పని లేదు. మన ఎన్నికల చరిత్రను ఈ మూడు ప్రమాణాల వెంట చూస్తే విషయం తేటపడుతుందని నాకు తోచింది.

కాగితపు ఓటు కాలం ప్రత్యక్ష ప్రమాణ కాలం. పెట్టె తెరిచి, కాగితాలు బల్లమీద కుమ్మరించి, ఒక్కొక్కటే విప్పి గుర్తులవారీగా పేర్చేవాళ్ళం. ఏజెంట్లు కంచెకు అవతలనుండి మెడలు చాచి చూచేవారు. చదువురాని ఏజెంటుకు కూడా ఎవరి దొంతర పెరుగుతున్నదో తెలిసేది. అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడడానికి నాకు మనసొప్పదు. రెండు గుర్తుల నడిగీత మీద పడిన ముద్ర ఎవరిదని అర్ధరాత్రి తగవులాడిన వాళ్ళలో నేనూ ఉన్నాను. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి ఫ్లోరైడు నీటి సమస్య మీద నిరసనగా వందలాది మంది నామినేషన్లు వేయగా, చివరకు 480 మంది అభ్యర్థులు నిలిచారు. అక్కడ బ్యాలెట్ పత్రం పత్రం కాలేదు, పుస్తకమైంది. ఎన్నికనే వాయిదా వేయవలసి వచ్చింది.

అంత వెనక్కు పోనక్కరలేదు. 2020 డిసెంబరు 1న మన మహానగరపాలక సంస్థ ఎన్నికలు మళ్ళీ కాగితం మీద జరిగాయి. పాత మలక్‌పేట డివిజనులో ఒక కమ్యూనిస్టు పార్టీ గుర్తుకు బదులు మరొక కమ్యూనిస్టు పార్టీ గుర్తు అచ్చుపడి, రెండు దినాల తరువాత మరల పోలింగు జరపవలసి వచ్చింది. ఇక మనకు దగ్గరిదే అయిన నేరేడ్‌మెట్‌లో కొన్ని ఓట్లమీద స్వస్తిక ముద్రకు బదులు వేరే ముద్ర పడింది. అట్టి ఓట్లను కూడా లెక్కించవచ్చునని లెక్కింపు ముందునాటి రాత్రి ఆదేశం వెలువడగా, హైకోర్టు దానిని నిలిపివేసింది. ఆ ఓట్ల సంఖ్య ఆధిక్యం కన్న ఎక్కువగా ఉండడంతో ఫలితం ఆగి, కొద్ది దినాల తరువాతగాని వెలువడలేదు. కాగితం తప్పులు చేయదని కాదు. అది చేసిన తప్పు అందరికీ కనిపిస్తుంది, కోర్టులో చూపడానికి మిగిలి ఉంటుంది. దాని గుణం అదే.

రెండవది అనుమాన ప్రమాణం, అనగా యంత్రం. ఈ యంత్రం మనకు పరాయిది కాదు. నాచారం నుండి మల్లాపూర్ మీదుగా పోతే కొద్ది దూరంలోనే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా. 1967లో ఎ.ఎస్. రావుగారు అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో తీర్చిదిద్దిన ఆ సంస్థనే 1970ల చివర ఎన్నికల సంఘం ఓటింగు యంత్రం తయారుచేయమని కోరింది. 1980 ఆగస్టులో రాజకీయ పక్షాల ప్రతినిధులకు దానిని చూపారు. నేటికీ దేశం మొత్తానికి ఈ యంత్రాలను చేస్తున్నవి రెండే సంస్థలు. ఒకటి బెంగుళూరులోని బి.ఇ.ఎల్., రెండవది మన ఇరుగుపొరుగైన ఇ.సి.ఐ.ఎల్.

మొదటి అడుగులోనే ఈ యంత్రం న్యాయస్థానపు మెట్లెక్కింది. 1982 మేలో కేరళలోని పరవూరు శాసనసభా స్థానంలో 50 పోలింగు కేంద్రాల్లో దీనిని వాడారు. శివన్ పిళ్ళై 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓడిన ఎ.సి. జోస్ కోర్టుకు వెళ్ళారు. చట్టంలో యంత్రం అనే మాటే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ 50 చోట్ల కాగితంతో మరల పోలింగు జరిపించగా, ఈ పర్యాయం జోస్ గెలిచారు. అటుపిమ్మట 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2004 నాటికి దేశమంతటా లోక్‌సభ ఎన్నిక యంత్రాల మీదే జరిగింది. దానివల్ల కలిగిన మేలును కాదనలేము. చెల్లని ఓటు పోయింది, ముద్రల తగవు పోయింది. 2019లో నిజామాబాదు స్థానానికి పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్దసంఖ్యలో పోటీకి దిగగా అభ్యర్థులు 185 మంది అయ్యారు. నోటాతో కలిపి 186. ఒక్కొక్క బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు చొప్పున, ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు వరుసగా పేర్చి పోలింగు జరిపారు. నల్లగొండలో కాగితం వల్ల కానిది నిజామాబాదులో యంత్రం వల్ల అయింది.

అయితే యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో ఎవరికీ కనబడదు. సీళ్ళు చెక్కుచెదరలేదు, సంఖ్యలు సరిపోయాయి, కాబట్టి లెక్క సరియైనదే అని అనుమానించాలి. తర్కంలో అనుమానమంటే సందేహం కాదు, హేతువును బట్టి నిశ్చయించడం. అట్టి నిశ్చయానికి హేతువు బలంగా ఉండాలి. ఆ హేతువు ఎక్కడినుండి వస్తుందో నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను.

2009 ఎన్నికల్లో నగరపు అంచున ఒక కేంద్రానికి నేను ప్రిసైడింగు అధికారిని. ఉదయం పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట నమూనా ఓట్లు వేయించి, లెక్క చూపి, ఆ ఓట్లను చెరిపివేయాలి. క్లోజ్, రిజల్టు, క్లియర్ అని మూడు మీటలు వరుసగా నొక్కాలి. ఆ నాడు బయట వరుస పెరిగిపోతున్నది, సమయం మీరిపోతున్నది. నేను రెండు నొక్కి, ఫలితం చదివి వినిపించి, మూడవది నొక్కకుండానే కాగితపు సీలు అందుకున్నాను. ఏజెంట్లలో ఒక దర్జీ ఉన్నాడు. మెడలో కొలతల టేపు కూడా తీయకుండా వచ్చినవాడు. అతడు వినయంగానే, "సారూ, ఒక్కపారి సున్న చూపిస్తరా?" అన్నాడు. చూస్తే సున్నా లేదు. నమూనా ఓట్లు అలాగే ఉన్నాయి. నా చేతులు చల్లబడ్డాయి. క్లియర్ నొక్కి, సున్నా అందరికీ చూపి, అప్పుడు సీలు వేశాను. ఆ దర్జీ అడగకపోతే నమూనా ఓట్లు చెరిపివేయకుండానే సీలు వేసి ఉండేవాణ్ణి. యంత్రం తప్పు ఏమీ లేదు, తప్పు నాది. పట్టుకున్నది మాత్రం యంత్రం కాదు, ఎదురుగా కూర్చున్న ఒక మనిషి.

ఆ మరుసటి సంవత్సరమే హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్ గారు విదేశీ పరిశోధకులు ఇద్దరితో కలిసి, ఒక నిజమైన యంత్రాన్ని చేత పట్టుకొని, లోపలి భాగాలు మార్చి అంకెలు తారుమారు చేయవచ్చునని ప్రదర్శించారు. ఆ యంత్రం ఎక్కడినుండి వచ్చిందని 2010 ఆగస్టులో ఆయనను అరెస్టు చేశారు. తరువాత బెయిలు మీద విడుదలయ్యారు. యంత్రం చేతికి చిక్కితేగదా అని అధికారుల వాదన. చిక్కితే చేయవచ్చునని పరిశోధకుల వాదన. రెండూ నిజమే. కాబట్టే యంత్రానికి తోడు ఒక కాగితం కావలసి వచ్చింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో మొదటిసారి వి.వి.ప్యాట్ వాడారు. మీట నొక్కగానే మనం ఎంచుకున్న గుర్తు అచ్చయిన చీటీ అద్దం వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఆ ఏడు సెకన్లు మనకు తిరిగి లభించిన ప్రత్యక్ష ప్రమాణం.

కానీ ఆ చీటీలను లెక్కించేదెన్ని? 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు గారు, ఇతర పక్షాల నాయకులు వేసిన వ్యాజ్యంలో, శాసనసభా నియోజకవర్గానికి ఒక కేంద్రం బదులు ఐదు కేంద్రాల చీటీలు లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పింది. మన ఉప్పల్ చేరి ఉన్న మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభా నియోజకవర్గాలు. అంటే 35 కేంద్రాల చీటీలు. 2024లో ఆ స్థానంలో ఓటర్లు 37 లక్షలకు పైగా. అన్ని చీటీలూ లెక్కించాలన్న అభ్యర్థనను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు నిరాకరించింది. అయితే చీటీలను లెక్కించే యంత్రం ఒకటి వాడవచ్చునేమో పరిశీలించమని సంఘానికి సూచించింది. ఓడినవారు కోరితే కొన్ని యంత్రాల లోపలి చిప్పులను తనిఖీ చేయించుకొనే అవకాశం కూడా ఇచ్చింది. ఆ సూచన నాకు నచ్చింది. యంత్రం చీటీలను లెక్కించనీ. అనుమానం వచ్చిన చోట చేతితో లెక్కించుకోవడానికి అవే చీటీలు ఉంటాయి.

ఇక మూడవది. ఓటునే తీగల మీద, తరంగాల మీద పంపడం. దీనిని శబ్ద ప్రమాణమని అంటాను. ఫోనులో మీట నొక్కాను. ఎక్కడో ఒక గదిలో లెక్క పడిందని ఎవరో చెప్పారు. సీలు లేదు, పెట్టె లేదు, దర్జీ లేడు. చెప్పినవాడు ఆప్తుడని నమ్మాలి. ఎన్నికలో ఓడినవాడికి గెలిచినవాడి ప్రభుత్వం ఆప్తుడెట్లా అవుతుంది?

ఇది ఊహ కాదు. 2021 అక్టోబరులో మన రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్టుఫోను ద్వారా నమూనా పోలింగు జరిపి చూచింది. 2025 జూన్‌లో బీహారు పురపాలక ఎన్నికల్లో కొందరు నిజంగానే ఫోనులో ఓటు వేశారు. ఎస్తోనియా అనే చిన్న దేశం 2005 నుండి అంతర్జాలంలో ఓటు వేయనిస్తున్నది. 2023లో అక్కడ సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. ఎవరైనా బలవంతం చేస్తే తరువాత మళ్ళీ వేయవచ్చు, చివరి ఓటే లెక్క. తెలివైన ఏర్పాటే. కానీ మన వాడల్లో పోలింగు ముందురాత్రి ఏమి జరుగుతుందో తెలిసినవారు ఆలోచించండి. నోటు ఇచ్చినవాడు ఫోను మన చేతినుండి తీసుకొని పోలింగు ముగిసేదాకా తన దగ్గర ఉంచుకుంటే మళ్ళీ వేసే అవకాశం ఎక్కడిది? పోలింగు కేంద్రంలోని ఆ అట్టముక్క తెర పేదవాడికి ఇచ్చే స్వేచ్ఛ ఏ ఫోనూ ఇవ్వలేదు.

దీనికి విరుద్ధంగా జర్మనీని చూడండి. ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చి 3న, 2005 ఎన్నికల్లో వాడిన ఓటింగు యంత్రాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మోసం జరిగిందని కాదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని సామాన్య పౌరుడు ఎన్నికలోని ముఖ్యఘట్టాలను తానే సరిచూచుకోగలగాలి అన్నది వారి సూత్రం. అంటే మా దర్జీ హక్కు అన్నమాట.

మన పద్ధతిలో నేటికీ మెచ్చదగింది ఒకటున్నది. మన ఓటింగు యంత్రానికి బయటి తీగ లేదు. ఓట్లు లారీలో ప్రయాణం చేస్తాయి. పోలింగు ముగియగానే ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి పత్రంలో వ్రాసి ప్రతి ఏజెంటుకు నకలు ఇస్తాము. లెక్కింపునాడు ప్రతి యంత్రపు అంకె ఏజెంట్ల ఎదుట చదివి, కాగితం మీద వ్రాసిన తరువాతనే కంప్యూటరులోకి ఎక్కిస్తారు. మనం ఇంట్లో కూర్చొని చూచే అంకెలు ఆ కాగితపు నీడలు. తీగ మీద పోయేది వార్త, ఓటు కాదు. సరిహద్దులోని సైనికునికి సైతం బ్యాలెట్ పత్రం అంతర్జాలంలో పోతుంది, ఓటు మాత్రం తపాలాలో తిరిగి వస్తుంది. ఈ గీత చెరగరాదని నా అభిప్రాయం.

వేగం కావాలంటే దానికి వేరే దారి ఉన్నది. మన గ్రామపంచాయతీ ఎన్నికలు కాగితం మీదే జరుగుతాయి. మధ్యాహ్నానికి పోలింగు ముగించి, అక్కడే లెక్కించి, చాలా ఊళ్ళలో చీకటి పడేలోగా సర్పంచి ఎవరో చెబుతారు. ఓటు పడిన చోటే లెక్కిస్తే కాగితం కూడా వేగంగానే నడుస్తుంది.

ఇక ఆ యువకుని కూలి సంగతి. నా సూత్రానికి మూల్యం చెల్లిస్తున్నది అతడు. ఇది నేను మరువలేను. పోలింగు దినాన దినకూలీకి కూడా వేతనంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి చెబుతున్నది. అది ఒక దినం మాట. రాకపోకల దినాలకు చట్టం లేదు. తిరిగి వచ్చాక అతనితో, "నీ ఓటు నాచారానికే మార్చుకోరాదా నాయనా?" అన్నాను. "ఓటు ఈడికి మార్చుకుంటే ఊళ్ళె నేను లేనట్టే గద సారూ" అన్నాడు. దానికి నా దగ్గర మాట లేకపోయింది.

ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో వలస ఓటర్ల కోసం ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల వరకు ఓటు వేసే నమూనాను ప్రతిపాదించింది. పక్షాలు ఒప్పుకోక అది ముందుకు సాగలేదు. దానికీ తీగ లేదు, నిజమే. కానీ నాచారంలో పెట్టిన ఒక యంత్రం దగ్గర 72 నియోజకవర్గాల అభ్యర్థుల ఏజెంట్లు ఎక్కడినుండి వచ్చి కూర్చుంటారు?

నాకు తోచిన మార్గం పాతదే. ఎన్నికల విధుల్లో ఉన్న మాకు ముందుగానే ఒక కేంద్రంలో తపాలా ఓటు వేయించేవారు. 2024లో 85 ఏళ్ళు దాటిన వృద్ధుల ఇంటికే పెట్టె వెళ్ళింది. ఆ పెట్టె నాచారం పారిశ్రామికవాడకు ఎందుకు రాకూడదు? ముందుగా పేరు నమోదు చేసుకున్న వలస కార్మికునికి తన ఊరి బ్యాలెట్ కాగితం అంతర్జాలంలో తెప్పించి ఇక్కడ అచ్చు వేసి ఇవ్వండి. తెర వెనుక ముద్ర వేయనివ్వండి. కవరుకు సీలు వేసి లారీలో పంపండి. ఎన్ని కవర్లు బయలుదేరాయో, ఎన్ని చేరాయో ఏజెంట్లకు వ్రాసి ఇవ్వండి. పోయే కాగితానికి తంతి వేగం, వచ్చే ఓటుకు లారీ వేగం. లెక్కింపు రెండు దినాలు ఆలస్యమైనా ప్రజాస్వామ్యానికి నష్టం లేదు. అతనికి మూడు దినాల కూలి మిగులుతుంది.

దానితోపాటు ప్రతి కేంద్రపు 17సి పత్రాన్ని ఆ రాత్రే అందరికీ కనిపించేలా ప్రకటించాలి. చీటీలను ఐదు కేంద్రాలకు పరిమితం చేయక, యంత్రంతోనైనా సరే అన్నీ లెక్కించాలి. ఈ రెంటికీ కొత్త విజ్ఞానం ఏదీ అక్కరలేదు, మనసుంటే చాలు.

నేను వ్యాకరణం చదువుకున్నవాణ్ణిగాని విద్యుల్లేఖనం చదువుకున్నవాణ్ణి కాను. మీలో చాలమందికి కంప్యూటరు విద్య కరతలామలకం. ఓటు నుండి పేరును విడదీసి కూడా, అది చేరవలసిన చోటికే చేరిందని మా దర్జీకి కంటితో చూపించగల ఉపాయం మీకు తెలిస్తే చెప్పండి. నా అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అది దొరికేవరకు ఉప్పల్ చౌరస్తాలో నాలుగో బస్సు కోసం చూచేవారి పక్షాన నేను అడిగేది ఆ కాగితపు కవరునే.